రేడియో గది వెనక బెంచీ

పోయిన నెలలో ముగ్గురు కుర్రాళ్ళు సెల్‌ఫోను కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ప్రొద్దుటూరులో మా పేట పార్కు గురించి వీడియో తీస్తున్నారట. అక్కడ రేడియో వేసిన మనిషి ఇంకా బతికే ఉన్నాడని ఎవరో చెప్పారట. ఆ 'ఇంకా' అన్న మాటను కాస్త గట్టిగానే అన్నారు. ముసలివాణ్ణి వెతుక్కుంటూ వచ్చారు కదా అని మా ఆవిడ చేత టీ పెట్టించాను. దొరల కాలంలో పార్కు ఎలా మొదలైందో, రాతి కమాను ఎవరు కట్టించారో చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. వాళ్ళకు అదేమీ అక్కర్లేదు.

"తాతా, రేడియో రూము కాడ సాయంత్రం పూట ఒక ఆడమనిషి ఎవురి పేరో పెట్టి పిలుస్తాదంట. ఆ దయ్యాన్ని నువ్వు సూసినావా?" అని అడిగాడు వాళ్ళలో ఒకడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు, ఆమె బతికే ఉంది, టీ తాగి బయలుదేరండి అని అరిచాను. ఎవరు బతికే ఉన్నారు అని వాడు అడిగేదాకా నేనేం అన్నానో నాకే తెలియలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. వాళ్ళను పంపేసి తలుపు వేసుకున్నాను. మా ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఆ కుర్రాళ్ళకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మా పార్కు తెల్లదొరల నాటిది. ఎవరో దొరకు సాయంత్రం షికారు తిరగడానికి చోటు లేదని, బంగారు అంగళ్ళ శెట్లు చందాలు వేసుకుని వేయించారని మా నాయన చెప్పేవాడు. నల్లటి కడప బండలతో బెంచీలు చేయించి, వాటి మీద తమ అమ్మానాన్నల పేర్లు చెక్కించారు. ఊరు ఊరంతా వచ్చి వాళ్ళ అమ్మానాన్నల మీద కూర్చుంటుందని వాళ్ళకు తట్టినట్టు లేదు. చుట్టూ నిద్రగన్నేరు చెట్లు, నేను ఎరిగినంతలో ఎన్నడూ నీళ్ళు చిమ్మని ఫౌంటెను, మధ్యలో మెట్లెక్కి పోయే రేడియో గది. గదికి మూడు వైపులా కిటికీలు ఉండేవి. వెనక వైపు మాత్రం ఉత్త గోడ, ఆ గోడకు ఆనించి ఒక బండ బెంచీ. గది నెత్తిన నాలుగు దిక్కులకూ నాలుగు హారన్లు బిగించి ఉండేవి.

నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు ఆ గదిలో మునిసిపాలిటీ ఉద్యోగం వచ్చింది. మాది మిషన్ వాళ్ళ కాలంలో కిరస్తానం పుచ్చుకున్న ఇల్లు. తాత కూలి మనిషి, నాయన బడి అయ్యవారు, నేను రేడియో మెకానిక్కు పని నేర్చుకున్నవాణ్ణి. సాయంత్రం గది తాళం తీసి, సెట్టు ఆన్ చేసి, వార్తలూ పాటలూ రైతుల కార్యక్రమమూ ఊరందరికీ వినిపించి, చీకటి పడే వేళకు పార్కు మూసేస్తున్నామని మైకులో చెప్పి ఇంటికి పోవడమే నా పని. పిల్లలు తప్పిపోయినా, తాళం చెవులు దొరికినా నేనే మైకులో చెప్పేవాణ్ణి. అందరూ నన్ను రేడియో అప్ప అనేవాళ్ళు. ఆ పేరు నాకు భలే గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి.

అవి ఊళ్ళకు ఊళ్ళు రెండుగా చీలిన రోజులు. మా పార్కు బెంచీలకు కూడా పార్టీలు ఉండేవి. గేటుకు కుడి పక్క బెంచీలు ఒక పార్టీవి, ఎడమ పక్కవి ఇంకొకరివి. ఏ పార్టీకీ చెందని బడి పంతుళ్ళు ఫౌంటెను గట్టు మీద ఎండలో కూర్చునేవాళ్ళు. ఒకసారి ఎన్నికల ఫలితాలు రేడియోలో చదువుతుంటే, ఓడిపోయినవాడి మనుషులు తూర్పు హారన్‌కు రాయి వేసి కొట్టారు. వాళ్ళ అభ్యర్థిని నేనే ఓడించినట్టు! ఆ సొట్ట గది మూసేసేదాకా అట్లాగే ఉండింది.

ఆ కాలంలో మా పక్క పుట్టిన ఎవరికైనా ఉగ్గుపాలతో నేర్పే పాఠం ఒకటి ఉంది. ఫలానా మనిషి ఎక్కడ ఉన్నాడని ఎవరన్నా అడిగితే 'తెల్దు' అనాలి. అడిగింది పోలీసు కానీ, చుట్టం కానీ, వానలో తడుస్తూ వచ్చిన ముసలమ్మ కానీ, జవాబు మాత్రం అదే. మా అమ్మది పులివెందుల పక్క పల్లె. అబద్ధం ఆడితే వాత పెడతానని బెదిరించే మనిషి, ఆదివారం గుడి తప్పని మనిషి, ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం అన్నం ముద్దలతో పాటు మాకు తినిపించింది. వాళ్ళ ఊళ్ళో ఒకామె క్యారియరు పట్టుకుని వచ్చి, మా తమ్ముడు ఏ తోటలో ఉన్నాడమ్మా, అన్నం తెచ్చినా అని అడిగిందట. పాపం అని ఎవరో తోట చూపించారు. ఆ క్యారియరు వెనకాల నలుగురు నడిచి వచ్చారట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా పక్క నోరు మూసుకుంటేనే ఊరు మంచిది.

నేను చెప్పబోయే మనిషి జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చి ప్రొద్దుటూరులో తలదాచుకున్నవాడు. నాయకుడూ కాదు, నాయకుడి తమ్ముడూ కాదు. పంచాయతీ ఎన్నికల్లో ఒక పార్టీ తరఫున పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చుని, దొంగ ఓటు వేయడానికి వచ్చినవాణ్ణి వేలెత్తి చూపించాడు, అంతే. ఆ వేలు చాలింది. భార్యనూ మూడేళ్ళ కొడుకునూ ఊళ్ళోనే తల్లి దగ్గర వదిలి, ఇక్కడ ఒక పత్తి మిల్లులో పనికి కుదిరాడు. సాయంత్రం అయ్యేసరికి పార్కుకు వచ్చి రేడియో గది వెనక బెంచీ మీద కూర్చునేవాడు. వెనక గోడ ఉంది, ముందు నుంచి వచ్చేవాడు కనపడతాడు. అలాంటివాళ్ళు కూర్చోవడానికి చోటు చూసుకునే పద్ధతే వేరు.

అతను వచ్చేది రైతుల కార్యక్రమం కోసం. అతని చేను రెండేళ్ళుగా బీడు పడి ఉంది. గట్టు మీద కాలు పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అయినా శనగకు ఏ మందు కొట్టాలో, జొన్నకు ఎప్పుడు తడి పెట్టాలో చెవులు రిక్కించి వినేవాడు. వాతావరణం చెప్పేటప్పుడు హారన్లు గరగరమంటే గోడ మీద చేత్తో తట్టేవాడు. నేను సౌండు సరిచేసేవాణ్ణి. కార్యక్రమం అయ్యాక మెట్ల దగ్గరకు వచ్చి, "మా పక్క వాన పడ్తాదన్న్యాడా అప్పా?" అని అడిగేవాడు. వాడేం చెప్పాడో వాడికే తెలీదు, ఆకాశానికి అసలే తెలీదు అనేవాణ్ణి నేను. అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసం నేను రోజూ ఏదో ఒక వెటకారం తయారు చేసుకుని ఉండేవాణ్ణి.

ఒకరోజు నవ్వకుండా నా దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నన్ను ఎవురన్నా అడిగితే తెల్దని చెప్పు. మా యమ్మ వచ్చి అడిగినా తెల్దనే చెప్పు," అన్నాడు.

సరే అన్నాను. మాట ఇచ్చాను కూడా. మాట నిలబెట్టుకునేవాణ్ణి అని నా మీద నాకు మంచి నమ్మకం ఉండేది.

అది ఎండలు తగ్గుముఖం పట్టిన కాలం. ఆ సాయంత్రం వార్తలు అయిపోయి పాటలు వస్తున్నప్పుడు ఇద్దరు మనుషులు గేటు దగ్గర శనక్కాయలు కొనుక్కుని వచ్చి ఫౌంటెను గట్టు మీద కూర్చున్నారు. పార్కులో రోజూ వచ్చే ముఖాలు కావు. కిటికీలోంచి చూశాను. ఇద్దరి చేతుల్లో పొట్లాలు ఉన్నాయి, ఇద్దరూ ఒక్క కాయ కూడా వలవడం లేదు. అది నా కంటికి ఆనింది. ఆనింది గానీ, ఎవరి తంటా వాళ్ళది, మనకెందుకు అనుకున్నాను. ఈ 'మనకెందుకు' అనేది కూడా 'తెల్దు'కు చెల్లెలే.

పాటలు అయిపోయి రైతుల కార్యక్రమం మొదలైంది. వెనక గోడ మీద తట్టిన చప్పుడైంది. అతను వచ్చి కూర్చున్నాడన్నమాట. అప్పుడే ఒక ఆడమనిషి చెప్పులు చేత పట్టుకుని పరుగులాంటి నడకతో మెట్ల దగ్గరికి వచ్చింది. పాతికేళ్ళ లోపు వయసు. చీర కుచ్చిళ్ళకు దుమ్ము, చేతిలో నలిగిన బస్సు టిక్కెట్టు. రొప్పుతూ నిలబడింది.

"అన్నా, మా ఇంటాయన రేడియో కాడ కూచుంటానని చెప్పినాడు. ఈడ ఉండాడా?"

"ఎవరమ్మా మీ ఇంటాయన?"

ఆమె పేరు చెప్పలేదు. మా పక్క ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే ఆయుష్షు తరుగుతుందని పెద్దవాళ్ళు చెబుతారు. జమ్మలమడుగు పక్క ఫలానా ఊరు, ఎర్రగా పొడుగ్గా ఉంటాడు, ఎడమ చెవికి పోగు ఉంటుంది అని గుర్తులు చెప్పింది. అన్నీ సరిపోయాయి. నాకు పది అడుగుల దూరంలో, గోడకు అవతల కూర్చున్న మనిషి గుర్తులే అవి.

"తెల్దమ్మా," అన్నాను.

పొద్దున అవతలి పార్టీ వాళ్ళ జీపు ఒకటి ప్రొద్దుటూరికి బయలుదేరిందని ఊళ్ళో పిండిమర దగ్గర విన్నదట. బిన్నా చెప్పన్నా, ఆలస్యం చేయొద్దు, మైకులో పిలువు అని చేతులు జోడించింది. మైకులో మనుషుల పేర్లు చెప్పం అని బొంకాను. పేరు వద్దు, ఊరి పేరు చెప్పు, ఆయనకే అర్థమవుతుంది అంది. ఆమె ఏడుపు నిజమని నాకు అనిపించింది. కానీ క్యారియరు పట్టుకుని వచ్చినామె కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది కదా అని కూడా అనిపించింది. లేచి వెనక్కి పోయి అతనికి చెబుదామా అంటే, ఆమె చూపు నా వెంటే వస్తుంది. అతని చోటు నేనే పట్టించినట్టు అవుతుంది. ఇవన్నీ ఆలోచించే నేను కుర్చీలోంచి కదలలేదు. పిరికితనం కాదు అది. ఆ క్షణంలో నేను చాలా తెలివైనవాణ్ణి అనుకున్నాను.

అప్పుడు ఆమె మెట్ల మీద వెనక్కి తిరిగి, పార్కు వైపు ముఖం పెట్టి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది.

పెళ్ళయ్యాక ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి అయి ఉండాలి. గొంతు సగంలో విరిగింది. మళ్ళీ పిలవబోతుంటే నేను భయపడ్డాను. పేరు నలుగురి చెవినా పడితే అతని పని అయిపోతుంది, ఎట్లాగైనా ఆ గొంతును ఆపాలి అనుకున్నాను. చెయ్యి దానంతటదే సౌండు మీట మీదికి పోయింది. మీటను చివరికంటా తిప్పేశాను. నాలుగు హారన్లూ ఒక్కసారిగా పత్తిలో పురుగు గురించి అరవడం మొదలుపెట్టాయి. ఆమె మూడోసారి పిలవడం నాకు కనపడింది. నోరు తెరిచింది, మెడ నరాలు ఉబ్బాయి. వినపడలేదు. కొంచెంసేపు నా కిటికీ వంక చూసి, దిగి, తూర్పు గేటు వైపు పరుగెత్తింది.

ఫౌంటెను గట్టు మీది ఇద్దరూ అప్పటికే లేచారు. లేచింది ఆమె పిలుపు విని కాదు. ఆమె రాకముందు నుంచే వాళ్ళ చూపు రేడియో గది వెనక్కే ఉంది. వాళ్ళలో ఒకడు పొట్లం కింద పెట్టి, అవతలి గేటు దగ్గర నిలబడ్డ మూడోవాడికి చెయ్యి ఊపడం నేను చూశాను. చూసి, కార్యక్రమం అయిపోయాక అతనికి చెబుదాం, ఇంకో రెండు నిమిషాలే కదా అనుకున్నాను.

ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగిందో నేను కళ్ళతో చూడలేదు. రేడియో అరుస్తూనే ఉంది. వెనక గోడకు ఏదో బరువుగా రెండుసార్లు తగిలింది. సౌండు తగ్గించమని తడుతున్నాడేమో అనుకుని, నిజంగానే, మీట కొంచెం తగ్గించాను. అప్పుడు వినపడ్డాయి జనం అరుపులు. నేను గది దిగి వెనక్కి పోయేసరికి అంతా అయిపోయింది. అంతకన్నా దాన్ని రాయడం నాకు చేతకాదు.

పార్కు ఖాళీ అయింది. గడ్డి మీద ఎక్కడ చూసినా జనం వదిలేసి పోయిన చెప్పులు. పోలీసులు వాటిని గోతాంలో వేసుకుని పోయారు. మావి అని ఒక్కరూ పోయి అడగలేదు. అడిగితే ఆ సాయంత్రం అక్కడ ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా. వారం రోజుల పాటు మా పేటలో కొత్త చెప్పులు కొన్నవాళ్ళను చూసి ఒకరి ముఖం ఒకరు చూడకుండా తప్పుకున్నాం.

ఎస్సై నన్ను మెట్ల మీదే నిలబెట్టి అడిగాడు. ఎవరొచ్చారో చూశావా? తెల్దు సార్, రేడియో పనిలో ఉన్నా. అంతకుముందు ఈయమ్మ వచ్చి నిన్ను అడిగిందంటోంది, నిజమేనా? ఆమె అక్కడే, నిద్రగన్నేరు మొదట్లో, ఎవరో కప్పిన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నన్నే చూస్తోంది. అవును అంటే, ఆ వచ్చిన ఇద్దర్నీ చూశానని కూడా చెప్పవలసి వస్తుంది. అప్పటికి మా ఆవిడ కడుపుతో ఉంది.

"తెల్దు సార్," అన్నాను.

ఆమె అబద్ధం అని అరవలేదు. నన్ను తిట్టలేదు. తల పక్కకు తిప్పుకుంది, అంతే. నా బతుకులో నేను పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ తల తిప్పుకోవడం ఒక ఎత్తు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఎట్లాగో భరించేవాణ్ణి. పార్కు గేటు దగ్గర శనక్కాయలు అమ్మే ముసలామెది ఆ భార్యాభర్తల పక్క ఊరే. నెల తిరిగాక ఆమె చెప్పింది. ఆ పిల్లను అత్తగారింట్లో అందరూ ఒకటే మాట అంటున్నారట. నడి పార్కులో నిలబడి మొగుడి పేరు పెట్టి అరిచి, వెతుక్కుంటున్నవాళ్ళకు ఇదిగో అని చూపించిందట. పైగా పలకకూడని పేరు పలికి ఆయుష్షు తినేసిందట. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పిలవడం మానేశారట. ఆ పిల్ల కూడా ఎదురు చెప్పడం లేదట, తనే చంపుకున్నానని నమ్మేసిందట.

అది నిజం కాదని తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. వాళ్ళు ఆమె కంటే ముందే వచ్చి కూర్చున్నారు, వాళ్ళకు ఆ పేరుతో పనే లేదు. ఆమె పిలుపును అక్కడి జనంలో ఎవరో చెవిన వేసుకుని ఊళ్ళోకి మోసుకుపోయారు గానీ, దానివల్ల అతని ప్రాణం పోలేదు. ఈ నాలుగు మాటలు పోయి చెబితే ఆమె బరువు దిగిపోతుంది. నేను పోలేదు. కేసు నడుస్తోంది కదా అని కొన్నాళ్ళు, కేసు కొట్టేశారు కదా ఇప్పుడెందుకని కొన్నాళ్ళు. చంపినవాళ్ళ పార్టీ గెలిచిందని ఒకసారి, ఓడిందని ఇంకోసారి. రెండుసార్లు జమ్మలమడుగు బస్టాండు దాకా పోయాను. టీ తాగి, అదే బస్సులో తిరిగి వచ్చాను.

ఉద్యోగం మాత్రం ఇంకా కొన్నేళ్ళు అదే గదిలో చేశాను. గోడకు సున్నం వేశారు, బెంచీ కడిగారు. దాని మీద కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా సాయంత్రం రైతుల కార్యక్రమం వచ్చేటప్పుడు, మీట మీద చెయ్యి పడితే చాలు, సౌండు అడుగున ఒక ఆడగొంతు సగంలో విరిగినట్టు వినపడేది. మీట తగ్గించి చెవి పెట్టేవాణ్ణి. ఏమీ ఉండేది కాదు. పెంచితే మళ్ళీ ఉండేది. భయం వేసేది. భయం కంటే ఎక్కువగా, ఆమె ఎక్కడో బతికి ఉండగానే నేను ఆమెను దయ్యాన్ని చేశానే అని దుఃఖం వచ్చేది. తర్వాత ఇళ్ళకు టీవీలు వచ్చాయి, రేడియో గది మూసేశారు, నన్ను కొళాయి పన్నుల సెక్షనుకు మార్చారు. పార్కు ముందు నుంచి పోవలసి వస్తే చుట్టు తిరిగి పోవడం అలవాటు చేసుకున్నాను.

మా ఆవిడకు ఒకసారి అంతా చెప్పాను. ఆమెదీ పులివెందులే, మెత్తగా మాట్లాడే మనిషి కాదు. అంతా విని, "నువ్వు తెల్దని చెప్పింది ఒక దినమే. చెప్పకుండా ఉండేది మాత్రం దినామూ చేస్తాండావు," అంది. తర్వాత ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు.

కుర్రాళ్ళు వచ్చి వెళ్ళిన మూడో రోజు పొద్దున జమ్మలమడుగు బస్సు ఎక్కాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారు. నాది నలభై ఏళ్ళకు దగ్గర పడుతున్న మొరుగుడు. వాళ్ళ పల్లె రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయింది. ఊరు ఊరంతా గండికోట దారి పక్కన కాలనీ కట్టుకున్నారు. ఇల్లు ఎక్కడని నేను ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. పాత ఊళ్ళో ఎక్కడో, ఈ కాలనీలో ఎక్కడో, ఇన్నేళ్ళుగా కనుక్కుంటూనే ఉన్నాను.

ఆమె వసారాలో చేటతో కందులు చెరుగుతోంది. తల ముగ్గుబుట్ట అయింది. నన్ను చూడగానే చేట ఆపింది. గుర్తుపట్టింది. నేను పేరు చెప్పుకోబోతే, "రేడియో అప్పవు కదా," అంది. కూర్చోమని అనలేదు. నేను నిలబడే చెప్పాను. అతను గోడ వెనకే ఉన్నాడని నాకు తెలుసని చెప్పాను. వాళ్ళిద్దరూ ఆమె కంటే ముందే వచ్చి అతని చోటు కనిపెట్టుకుని ఉన్నారని చెప్పాను. ఎస్సై ముందు అబద్ధం ఆడానని చెప్పాను. సౌండు పెంచింది నేనేనని మాత్రం రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆమె చేటలోకే చూస్తోంది. ఒక రాయి ఏరి పారేసింది.

"నేను పిల్చింది వాండ్లకు అక్కర లేదా అయితే?"

"లేదమ్మా. నువ్వు పిలిచినా పిలవకపోయినా వాళ్ళు చేసేది చేసేవాళ్ళే."

"ఆయప్పకు ఇనపడిందా?"

సౌండు పెంచక ముందు ఒక్క పిలుపు వినపడి ఉండవచ్చు. గోడ అడ్డం ఉంది, రేడియో నడుస్తోంది, వినపడకపోయి ఉండవచ్చు కూడా. అదే చెప్పాను. తెలిసి ఉంటే నిజమే చెప్పేవాణ్ణని కూడా అన్నాను. ఆమె దాన్ని నమ్మిందో లేదో ముఖంలో కనపడలేదు.

"మా అత్త సచ్చేదాకా నా చేతి నీళ్ళు తాగల్యా," అంది.

క్షమించమని అడగడానికే వచ్చాను గానీ, అడగలేదు. ఆ మాట అంటే ఆమె ఏదో ఒక జవాబు చెప్పవలసి వస్తుంది. ఇంకా ఆమె నాకు ఇవ్వవలసింది ఏముందని అడగాలి?

వసారా చివర ఒక కుర్రవాడు మోటారు సైకిలు కడుగుతున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. ఆమె మనవడు. ఎర్రగా, పొడుగ్గా ఉన్నాడు. పోయిన తాత పేరే వాడికి పెట్టారని శనక్కాయల ముసలామె కూతురు ఎప్పుడో చెప్పింది. వాడు పుట్టినప్పటి నుంచి ఈమె వాణ్ణి అబ్బోడా అనీ, ఓరేయ్ అనీ పిలవడమే గానీ, పేరు పెట్టి పిలిచింది లేదని కూడా చెప్పింది. ఆ పేరు ఇంట్లో అందరూ రోజుకు నూరుసార్లు పలికే పేరు, ఈమె తప్ప.

ఆమె చేట పక్కన పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని, అటు తిరిగి, మామూలు గొంతుతో ఆ పేరు పిలిచింది.

కుర్రవాడు పలకలేదు. వాణ్ణి కాదనుకున్నాడు. ఆమె ఇంకోసారి, కొంచెం గట్టిగా పిలిచింది. వాడు తడిగుడ్డ పట్టుకుని లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి కోడలు కూడా గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"నన్నేనా అవ్వా?" అన్నాడు వాడు.

"నిన్నే. ఈ పెద్దాయన్ను బస్సు కాడ ఇడిసిపెట్టి రా."

నేను దండం పెట్టాను. ఆమె నా వంక చూడలేదు, వాడినే చూస్తోంది. వాడు బండి తీశాడు, నేను వెనక ఎక్కి కూర్చున్నాను. వీధి మలుపు దాకా పోయామో లేదో, వెనక నుంచి ఆమె వాణ్ణి మళ్ళీ పేరు పెట్టి పిలిచింది. వాడు గబుక్కున బ్రేకు వేసి, కాలు కింద ఆనించి, వెనక్కి తిరిగి ఏంది అవ్వా అని అరిచాడు.

ఏమీ లేదు, పో అంది.